తెల్ల వార్డు

కోఠీలో మా ఆఫీసు మూడో అంతస్తు.
కిటికీ కూలర్ కారుతూనే ఉంటుంది,
కింద బ్యాగుల దుకాణం రేకు మీద టపటపమని.
రోజూ పదకొండింటికి దుకాణమాయన పైకి చూసి తిడతాడు.
ఆ వేళకి నేను నగరానికి రంగులేస్తుంటాను.

వెయ్యిమందిలో ఎందరు దగ్గుతున్నారో అంత ఎరుపు.
పిల్లల జబ్బ చుట్టూ టేపు ఎంత దగ్గరికొస్తే అంత పసుపు.
చక్కెరకు ఊదా.
బీపీకి ఆకుపచ్చ వేయబోతే సారు వద్దన్నాడు,
ఆకుపచ్చ చూస్తే జనం బాగున్నట్టు అనిపిస్తుందట.

దూరం నుంచి పటం పాతచీరల బొంతలా ఉంటుంది.
కప్పుకోడానికి పనికిరాదు.

ఒకచోట సరిహద్దు గీత నాలా మీదుగా పోతుంది.
ఇటు గట్టు ముదురు, అటు గట్టు లేత.
దోమ ఏ గట్టుదో రాసే గడి
నా పట్టికలో లేదు.

కురుమయ్య సంగతి ఇంకా తేలలేదు.
పాలమూరు దిక్కు మనిషి, సెంట్రింగు పని,
ఆరని స్లాబు కింద నిద్ర.
ఆధార్‌లో మాత్రం ఊరి పేరు.
ఇక్కడి సిమెంటు మింగిన దగ్గు
నేను మీట నొక్కగానే ఎక్కడికో పోయి
తాళమేసిన ఒక ఇంటి మీద
ఎర్రచుక్కై వాలింది.
ఆయన కడుతున్న టవరున్న వార్డు
లేతగా, నిశ్చింతగా ఉంది.

బాలమణి ఆశా వర్కరు.
రిజిస్టర్లు ఇవ్వడానికొచ్చింది, లిఫ్టు లేక మెట్లెక్కి.
చెప్పులు గుమ్మం బయట విడవబోతే వద్దన్నాను.
ఊపిరి సర్దుకునేదాకా గోడమీది పటాన్నే చూసింది.
"గీ తెల్లది ఏంది మేడమ్?"

దస్తగీరు బస్తీ. సున్నా కేసులు.
పోయిన మీటింగులో సారు దాన్నే చూపించి
చప్పట్లు కొట్టించాడు.

ఆమె నవ్వలేదు. నవ్వితే బాగుండేది.
"ఆడ చేసే పిల్ల పోయినేడే ఇడిసిపెట్టింది.
కొత్తామెను ఇంక ఏయలే.
అడిగెటోళ్లు లేకుంటే
దగ్గు గూడ లెక్కలకు రాదు గద."

నా టేబుల్ మీది పాత కాగితం వెనక్కి తిప్పి
పెన్నుతో గీయడం మొదలుపెట్టింది.
పైన ఉత్తరం లేదు.
పైన, నీళ్ల ట్యాంకర్ ఆగే చోటు.
అక్కడి నుంచి కిందికి కల్లు కాంపౌండు,
తోళ్ల గోదాము,
బ్యాటరీలు కరిగించే షెడ్డు, అది రాత్రిపూటే.
కనీజ్ బీ ఇల్లు: ఆరుగురు, ఒకటే కిటికీ,
అదీ షెడ్డు దిక్కు.
మెట్ల కింద అర్ర ఒకటి. అందులో ఆమె తలుపు తీయదు గాని
మాత్రల పట్టీ సందులోంచి జరిపితే
అవతలి నుంచి లాక్కుంటుంది.

స్కేలు ఎంతని అడిగాను.
"నిండు బిందెతోని నడిస్తే ఎంతనో అంత."

కొలత ఎవరికైనా ఒకటేనని
నేను చదివిన చదువు.

సాయంత్రం ప్రింటరులో ఎరుపు అయిపోయింది.
ముదురు వార్డులన్నీ పచ్చగా బయటికొచ్చాయి.
సారు చూసి "ఊరంతా కామెర్లా?" అన్నాడు.
అందరం నవ్వాం, నేను కూడా.

కొత్త సిరాకి ఇండెంటు పెట్టి ఫైలు మళ్లీ తెరిచాను.
రంగుల పట్టికలో చివరి గడి:
తెలుపు, కేసులు లేవు.
అది చెరిపి "అడగలేదు" అని రాశాను.
సారు ఒప్పుకోడు.
"సమాచారం లేదు" అనమంటాడు, మర్యాదగా ఉంటుందని,
తప్పు సమాచారానిదే అయినట్టు.
మళ్లీ చెరిపాను.
తెలుపు, మేమింకా పోలేదు.
అలాగే సేవ్ చేశాను. రేపు తిట్లు రెండు చోట్ల నుంచి.

బాలమణి కాగితం సొరుగులో ఉంది.
కూలర్ చుక్క పడి
కనీజ్ బీ ఇంటి దగ్గర సిరా కొంచెం అలుక్కుంది.
ఆ ఆరు ఇప్పుడు ఎనిమిదిలా కనిపిస్తోంది.

పోయేటప్పుడు అంది కదా,
"శనివారం పొద్దుగాల ట్యాంకరొస్తది, అప్పుడైతే అందరు బయటుంటరు,
రారాదు మేడమ్."

ఉత్తరం ఎటో నాకు తెలుసు.
ట్యాంకర్ ఎటు ఆగుతుందో
ఆమెనే మళ్లీ అడగాలి.